ఇంట్లోనే ఉన్నావుగా!

"మా అబ్బాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ అండి!" తణుకులో ఈ మాట ఇప్పుడు పెళ్ళి భోజనాల దగ్గరా వినిపిస్తుంది, ఆసుపత్రి వరండాలోనూ వినిపిస్తుంది. చెప్పే తల్లిదండ్రుల గొంతులో నిశ్చింత. పిల్లాడు కళ్ళెదురుగా ఉన్నాడు, జీతం నెలనెలా పడుతోంది, పైగా వేళకి ఇంటి తిండి. ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ పిల్లాడినో, ఆ ఇంటి కోడలినో విడిగా అడిగి చూడండి. "బానే ఉందండీ..." అని మొదలెట్టి మధ్యలో ఆగిపోతారు. వాళ్ళు ఆగిపోయిన చోట ఏముందో ఇవాళ కాసేపు మాట్లాడుకుందాం.

ఉద్యోగంలో వెసులుబాటు అంటే ఒక్క వర్క్ ఫ్రమ్ హోమే కాదు. వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళి మిగతా రోజులు ఇంటినుంచి చేయడం ఒక పద్ధతి. దాన్ని హైబ్రిడ్ అంటున్నారు. రోజుకు ఇన్ని గంటలు చెయ్యాలి, ఎనిమిదింటికి మొదలెడతావో పదింటికి మొదలెడతావో నీ ఇష్టం అనడం ఇంకో పద్ధతి. ఈ రెండోది పాతదే. 1967లో జర్మనీలో, మ్యూనిక్ దగ్గరున్న ఒక విమానాల కంపెనీ దీన్ని మొదలుపెట్టింది. ఉద్యోగులంతా ఒకే వేళకి బయల్దేరి దారిలో ఇరుక్కుపోతుంటే, తలో వేళకి రమ్మన్నారు. ఇంటినుంచి పని అనే ఆలోచన 1973లో అమెరికాలో జాక్ నిలెస్ అనే ఇంజినీరు రాతల్లో పైకొచ్చింది. మనిషిని పని దగ్గరికి తీసుకెళ్ళే బదులు, పనినే టెలిఫోన్ తీగ మీద మనిషి దగ్గరికి పంపవచ్చు కదా అన్నాడాయన.

మన దగ్గరికి మాత్రం అది ఆలోచనగా రాలేదు, మహమ్మారితో వచ్చింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ముందూ వెనకల్లో హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలు ల్యాప్‌టాపులు సంచిలో పెట్టుకుని తణుకు, అత్తిలి, పెనుగొండ, నిడదవోలు చేరుకున్నారు. పది రోజులనుకున్నది రెండేళ్ళయింది. పెళ్ళిచూపుల చాపలు, పాత ట్రంకు పెట్టెలు ఉండే మేడ మీది గది ఆఫీసైపోయింది. ఇన్వర్టరు లేని ఇంటికి ఇన్వర్టరు వచ్చింది. కేబుల్ కుర్రాడు ఊళ్ళో ముఖ్యమైన మనిషైపోయాడు. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడు గారు భీమవరం కోడిపందేలకి బయల్దేరబోతూ "ఒక్క కాల్ ఉందండి, అరగంటలో వచ్చేస్తా" అని మేడెక్కి, బరులు ఖాళీ అయ్యే వేళకి దిగిన ఇళ్ళున్నాయి.

ముందు దీనివల్ల కలిగిన మేలు ఒప్పుకుందాం. హైదరాబాదులో కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్ళిరావడంలో రోజుకు గంటో రెండు గంటలో రోడ్డు మీద ఆవిరైపోతాయి. ఆ గంటలు మిగిలాయి. హాస్టలు అద్దె, బయటి తిండి ఖర్చు మిగిలాయి. శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి, ఆదివారం రాత్రి కళ్ళలో నిద్రతో తిరుగు బస్సెక్కే తిప్పలు తప్పాయి. నాన్నగారికి షుగరు ఎంతుందో ఫోనులో అడిగి తెలుసుకునే కొడుకు, తనే దగ్గరుండి పరీక్ష చేయించగలుగుతున్నాడు. కాన్పు తరవాత ఉద్యోగం మానేద్దామనుకున్న అమ్మాయి మానకుండా నిలబడింది. ఇవేవీ చిన్న విషయాలు కావు.

పరిశోధనలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. చైనాలో షాంఘైకి చెందిన సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీ ఉంది. అక్కడి కాల్ సెంటరు ఉద్యోగుల్లో ముందుకొచ్చిన వాళ్ళకి చీటీలు తీసినట్టు తీసి, కొందరిని తొమ్మిది నెలలపాటు ఇంటినుంచి పని చెయ్యమన్నారు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ఫలితాలు లెక్కగట్టారు. ఇంటినుంచి చేసిన వాళ్ళ పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం వదిలేసి పోయేవాళ్ళు సగానికి తగ్గారు. ఇక్కడిదాకా అందరూ చెప్పుకునేదే. ఆ అధ్యయనంలోనే ఇంకో రెండు సంగతులున్నాయి, వాటిని చాలామంది చెప్పరు. పెరిగిన ఆ 13 శాతంలో పెద్ద వాటా ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇంట్లో కూచున్నవాళ్ళు విరామాలు తక్కువ తీసుకున్నారు, ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టడం తగ్గించారు. రెండోది, తొమ్మిది నెలలయ్యాక "మీ ఇష్టం" అంటే, వాళ్ళలో సగం మంది దాకా ఆఫీసుకే తిరిగి వెళ్ళారు. ఒంటరితనం భరించలేకపోయామన్నారు.

అదే కంపెనీ పేరు మార్చుకుని ట్రిప్ డాట్ కామ్ అయ్యాక, 2021, 2022 సంవత్సరాల్లో 1,612 మంది ఉద్యోగుల మీద ఇంకో ప్రయోగం జరిగింది. ఈసారి వారంలో రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. ఉద్యోగం మానేవాళ్ళు మూడో వంతు తగ్గారు. పని నాణ్యతకి గానీ, పదోన్నతులకి గానీ నష్టం రాలేదు. 2024లో నేచర్ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇల్లొక్కటే కాకుండా, ఆఫీసొక్కటే కాకుండా రెండూ కలిసిన పద్ధతి మనిషికీ బాగుంది, యజమానికీ బాగుంది.

మరి మన పిల్లలు "బానే ఉందండీ" అని ఆగిపోవడం ఎందుకు?

సాయంత్రం ఆరున్నర వేళ ఒక ఇల్లు చూద్దాం. న్యూయార్కులో పొద్దున్న తొమ్మిదింటి మీటింగు అంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర. చలికాలంలో ఏడున్నర. అమెరికా వాళ్ళు మార్చిలో గడియారాన్ని గంట ముందుకీ, నవంబరులో గంట వెనక్కీ జరుపుకుంటారు. అక్కడ ముల్లు తిప్పితే ఇక్కడ తణుకులో ఒక ఇంట్లో రాత్రి వంట వేళ మారిపోతుంది. ఆ ఇంటి కోడలు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వంటగదిలో ఉంది. పొయ్యి మీద కుక్కరు. విజిల్ వచ్చేలోపు మ్యూట్ నొక్కాలి. గుమ్మంలో రెండో తరగతి పిల్లాడు పుస్తకం పట్టుకుని "అమ్మా, ఏడో ఎక్కం అప్పజెప్తాను" అంటున్నాడు. వేలు పెదవి మీద పెట్టి సైగ చేసింది. ఫోను స్టవ్ పక్కన పోపుల డబ్బాకి ఆనించి ఉంది. అందులో ఆమె పేరు పక్కన ఒక పచ్చ చుక్క. మనిషి పనిలో ఉన్నట్టు గుర్తు. కాసేపు కదలకపోతే అది పసుపుపచ్చకి తిరుగుతుంది. అందుకని మధ్యమధ్య తడి వేలు చీరకొంగుకి తుడుచుకుని తెరని తాకుతోంది. ఆఫీసులో అయితే క్యాంటీనులో పావుగంట కూచున్నా అడిగేవాళ్ళుండరు. ఇంట్లో ఆ చుక్క రంగు మారిన ఐదు నిమిషాలకే "ఉన్నారా?" అని మెసేజి.

ఇది ఒక వైపు. రెండో వైపు ఇంటివాళ్ళం మనమే. "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తుంది చూసుకో." "ఇంట్లోనే ఉన్నావుగా, మామయ్యగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు." "ఇంట్లోనే ఉన్నావుగా, పిన్నిగారొచ్చారు, కిందకొచ్చి ఒకసారి పలకరించు." కంపెనీ కూడా ఇదే పాట పాడుతుంది. "ఇంట్లోనే ఉన్నారుగా, రాత్రి పదింటికి చిన్న కాల్, పావుగంటే." ఇంటి లెక్కలో ఆ మనిషి రోజంతా ఖాళీ. కంపెనీ లెక్కలో ఆ మనిషి రోజంతా అందుబాటు. ఇద్దరి లెక్కలకీ మధ్య నలిగేది ఆ మనిషి నిద్ర.

ఈ లెక్క మన డెల్టాకి కొత్తది కాదు. ల్యాప్‌టాపులు పుట్టకముందే పశ్చిమగోదావరిలో వేలమంది ఆడవాళ్ళు ఇంటినుంచి విదేశాలకి పని చేశారు. నరసాపురం లేసు సంగతి చెబుతున్నాను. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికి కొక్కెం సూదితో అల్లే క్రోషే లేసు వచ్చింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద, పంచలో, చెట్టు నీడన కూచుని ఆడవాళ్ళు అల్లారు. ఏజెంటు దారం ఇచ్చిపోతాడు, పని పూర్తయ్యాక వచ్చి పట్టుకుపోతాడు. కొందరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. కొందరు ఆ పువ్వుల్ని కలిపి బల్ల గుడ్డలుగా, దుప్పట్లుగా చేస్తారు, అది అతుకుపని. అవన్నీ యూరపు, అమెరికా, ఆస్ట్రేలియా ఇళ్ళకి ఎగుమతి.

మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో నరసాపురం ప్రాంతానికి వచ్చి ఆ ఆడవాళ్ళతో మాట్లాడి ఒక పుస్తకం రాసింది. 1982లో వెలువడిన ఆ పుస్తకం ప్రపంచమంతా శ్రామికుల చరిత్ర చదివేవాళ్ళకి ఇవాళ్టికీ పాఠ్యగ్రంథం. ఆమె చూసిందేమిటి? ఒక్కో స్త్రీ ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతోంది. చేతికొచ్చేది మాత్రం పొలం కూలికన్నా తక్కువ. కారణం అడిగితే వ్యాపారులు చెప్పిన జవాబు: వాళ్ళు గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు. ఎనిమిది గంటల పని తీరిక వేళ ఎలా అయింది? ఇంట్లో చేశారు కాబట్టి. గేటు లేదు, హాజరు పట్టీ లేదు, గంటలు రాసినవాళ్ళు లేరు. రాయని గంటలకి కూలి ఎవరిస్తారు? నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకి కూడా అంతటి గుర్తింపు రావలసి ఉంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికీ లేసు అల్లిన తల్లికీ జీతంలో పోలికే లేదు. కానీ ఇంట్లో చేసే పనికి హద్దు గీయకపోతే ఏమవుతుందో నరసాపురం మనకి ముందే చూపించింది.

ఇక ఒత్తిడి విషయం. ఎక్కువ పని ఉంటే ఒత్తిడి, తక్కువ పని ఉంటే సుఖం అని మనం అనుకుంటాం. అది సగమే నిజం. 1979లో రాబర్ట్ కారసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక సంగతి తేల్చాడు. మనిషిని ఎక్కువగా కుంగదీసేది పని బరువొక్కటే కాదు. బరువు ఎక్కువై, ఆ పని ఎప్పుడు ఎలా చెయ్యాలో నిర్ణయించుకునే వీలు తక్కువైతే అప్పుడు కుంగిపోతాడు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యం మీద మైకేల్ మార్మట్ బృందం 1985లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాగించిన వైట్‌హాల్ అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. పనిమీద తన మాట చెల్లని ఉద్యోగులకి గుండె జబ్బు ఎక్కువ. పై అధికారులకి టెన్షను ఎక్కువనీ, గుండెపోటు వాళ్ళకే వస్తుందనీ మనం అనుకునేది తారుమారైంది.

దీన్నిబట్టి ఒక ప్రశ్న వేసుకోవచ్చు. వెసులుబాటు ఎవరిది? "ఈ వారం పొద్దున్న చేసి సాయంత్రం మా అమ్మని చూసుకుంటాను" అని ఉద్యోగి అనగలిగితే అది ఉద్యోగి వెసులుబాటు. "ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి" అని కంపెనీ అంటే అది కంపెనీ వెసులుబాటు. రెండింటికీ పేరు ఒక్కటే. ఒకటి ఒత్తిడి తగ్గిస్తుంది, ఇంకోటి పెంచుతుంది. అందుకే ఒకే వీధిలో ఇద్దరు వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళుంటే, ఒకరు సాయంత్రం పిల్లల్ని గోస్తనీ గట్టుకి షికారు తీసుకెళ్తారు, ఇంకొకరు నెలకోసారి నిద్రమాత్రల చీటీ తిరగరాయించుకుంటారు.

మన చేలల్లో గుత్త పని చూడండి. నాట్లు ఎకరానికి ఇంతని మేస్త్రితో మాట్లాడుకుంటే, ముఠా ఎప్పుడు దిగాలన్నది వాళ్ళిష్టం. తెల్లారకుండానే నారుమడిలో దిగుతారు, ఎండ ముదిరేలోపు చాలావరకు లాగేస్తారు. పిల్లలు బడినుంచి వచ్చే వేళకి ఇంటికి చేరతారు. దినకూలికి వెళ్ళినవాళ్ళు వేళయ్యేదాకా చేలో ఉండాల్సిందే. గుత్తలో నడుం విరిగే చాకిరీ ఉంది, దాన్ని గొప్ప చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ అందులో ఒక న్యాయముంది. పని ఎంతో ముందే తెలుసు, వేళ వాళ్ళ చేతిలో ఉంది, మడి నిండితే పని అయిపోయినట్టే. గట్టెక్కిన మనిషిని ఆసామి మళ్ళీ మడిలోకి పిలవడు. మన కంపెనీలు వేళ విషయంలో గుత్త అంటాయి, పని కొలత విషయంలో దినకూలి అంటాయి. ఇచ్చిన పని ఆరు గంటల్లో పూర్తిచేస్తే ఇంకో పని ఇస్తాయి. పూర్తికాకపోతే రాత్రి కూచోమంటాయి.

పని ఎప్పుడు ముగుస్తుందో తెలియడం ఎంత అవసరమో తణుకువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు ఆంధ్రా షుగర్స్ స్థాపించిన నాటినుంచి ఈ ఊరికి షిఫ్టు అంటే ఏమిటో తెలుసు. షిఫ్టు దిగి గేటు దాటిన మనిషి మళ్ళీ షిఫ్టు దాకా ఇంటి మనిషే. ఆ మరుసటి ఏడాది, 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని హద్దు పెట్టింది. హద్దు దాటితే ఓవర్‌టైముకి రెట్టింపు కూలి ఇమ్మంది. 2025లో మన రాష్ట్రం ఆ రోజువారీ హద్దును 10 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల హద్దును అలాగే ఉంచింది. పెంచడం మంచిదా చెడ్డదా అని కార్మిక సంఘాలూ ప్రభుత్వమూ వాదించుకోవచ్చు. కనీసం అక్కడ వాదించుకోవడానికి ఒక అంకె ఉంది. రాత్రి పదింటి కాల్‌కి అంకె లేదు, ఓవర్‌టైమూ లేదు.

అంకె ఎందుకంటే, ఒళ్ళు లెక్క రాసుకుంటూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా వెలువరించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలో ఇలా ఎక్కువ గంటలు చేసి, గుండె జబ్బుతోనో పక్షవాతంతోనో పోయినవాళ్ళు ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది. వారానికి 70 గంటలు చెయ్యండి, 90 గంటలు చెయ్యండి అని పెద్ద పెద్ద కంపెనీల పెద్దలు చెప్పిన మాటలు మనం పేపర్లో చదివాం. ఈ లెక్కలు కూడా ఆ మాటల పక్కనే పెట్టుకుని చదవాలి.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు అందులో గడుపుతున్నారు. అదే మగవాళ్ళయితే 88 నిమిషాలు. అంటే ఆమెకి దాదాపు ఐదు గంటలు, ఆయనకి గంటన్నర. ఇది జీతం లేని పని. దీని మీద వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చి కూచుంటే ఏమవుతుంది? భర్త ఇంటినుంచి పనిచేస్తే గది తలుపు వేసుకుంటాడు, లోపలికి కాఫీ వెళ్తుంది. భార్య ఇంటినుంచి పనిచేస్తే తలుపు తీసే ఉంటుంది, కాఫీ ఆమే కలపాలి. ఇద్దరికీ ఉద్యోగం ఒకటే, జీతమూ ఒకటే అయిన ఇళ్ళలో కూడా ఇది చూస్తున్నాం. ఇంట్లో పనుల పంపకం మారకుండా పని చోటు ఒక్కటే మారితే, అది ఆమెకి వెసులుబాటు కాదు, రెండో షిఫ్టు మొదటి షిఫ్టులోకి చొరబడటం.

చట్టాలు చేసేవాళ్ళకి ఇది తెలియక కాదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. సెలవు తరవాత పని స్వభావాన్ని బట్టి ఇంటినుంచి చేసుకునే వీలు గురించి కూడా రాశారు. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 11న, విజ్ఞానరంగంలో మహిళల, బాలికల అంతర్జాతీయ దినోత్సవం నాడు, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు ముఖ్యంగా మహిళల కోసం వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్ద ఎత్తున తెస్తామన్నారు. నగరాల్లోనే కాక పట్టణాల్లో, మండలాల్లో ఇంటికి దగ్గరగా ఆఫీసు స్థలాలు వచ్చేలా ఐటీ విధానంలో ప్రోత్సాహకాలు పెట్టామన్నారు. ఇంటికీ హైదరాబాదుకీ మధ్య ఈ మూడో చోటు మంచి ఆలోచన. నలుగురు మనుషులు కనిపిస్తారు, వేళకి తాళం వేస్తారు, ఇంటికి పది నిమిషాల్లో చేరవచ్చు. అది పేరుకి కాక నిజంగా నిలబడాలంటే కరెంటు పోకూడదు, నెట్టు ఆగకూడదు, పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఉండాలి, రాత్రి పని ముగించిన అమ్మాయి భయం లేకుండా ఇల్లు చేరాలి.

మరోవైపు కంపెనీలు వెనక్కి పిలుస్తున్నాయి. 2025 నాటికి తన ఉద్యోగుల్లో పావు వంతు మందే ఆఫీసుకొస్తే చాలని 2020లో ప్రకటించిన టీసీఎస్, 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి చాలామందికి నెలలో పది రోజులు ఆఫీసు అంది. ఈ నిర్ణయాల వెనక కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పాలన్న వాదన ఉంది, అందులో నిజముంది. కాలేజీ అయిపోగానే తణుకు మేడ మీదే ఉద్యోగం మొదలుపెట్టిన కుర్రాడు పక్క సీటులో సీనియరు ఎలా పనిచేస్తాడో చూడలేదు. తప్పు చేస్తే నవ్వుతూ దిద్దే మనిషి లేడు. కానీ పిలిచే ముందు గడువు ఇవ్వాలి. ఊళ్ళో పిల్లల్ని బళ్ళో వేసి, తల్లిదండ్రుల వైద్యం ఇక్కడ కుదుర్చుకున్నవాళ్ళని నెల రోజుల్లో మకాం మార్చమంటే, ఆ ఇంట్లో అందరికీ ఒత్తిడే.

వెసులుబాటు దొరకని వాళ్ళని కూడా మరిచిపోకూడదు. ఆసుపత్రిలో నర్సు ఇంటినుంచి ఇంజెక్షను చెయ్యలేదు. బట్టల షాపులో అమ్మాయి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడాల్సిందే. వాళ్ళకి ఇవ్వగల వెసులుబాటు వేరే ఉంది. వచ్చే వారం ఏ డ్యూటీయో ముందే చెప్పడం, అవసరమైతే ఇద్దరు డ్యూటీలు మార్చుకోనివ్వడం, అమ్మేవాళ్ళు కూచోవడానికి ఒక స్టూలు. ఖర్చు ఏమంత కాదు. భోజనం బ్యాగు వేసుకుని బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడిది మరో రకం. "నీ ఇష్టమొచ్చినప్పుడు లాగిన్ అవు" అంటారు. జనం ఆకలయ్యే వేళల్లో, వానలో తిరిగితేనే నాలుగు డబ్బులొస్తాయి. ఇష్టం కాగితం మీద ఉంటుంది, వేళ మాత్రం ఇంకొకరిది.

ఇతర దేశాలు ఏం చేశాయి? ఫ్రాన్సులో 2017 నుంచి పనివేళ దాటాక ఫోను, మెయిలు పక్కన పెట్టే హక్కు గురించి కంపెనీలు ఉద్యోగులతో మాట్లాడుకుని ఒప్పందానికి రావాలన్న చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అలాంటి హక్కు వచ్చింది. మన పార్లమెంటులో సుప్రియా సూలే గారు ఇదే ఉద్దేశంతో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, మనం చెయ్యగలిగినవి ఉన్నాయి.

ఉద్యోగం చేసే పిల్లలకి ఒక మాట. మొదలయ్యే వేళ కన్నా ముగిసే వేళ ముఖ్యం. అది మీ మేనేజరుతో మాట్లాడి మెయిల్లో రాయించుకోండి. అమెరికా వేళల్లో చెయ్యక తప్పకపోతే, రాత్రి చేసిన గంటలు పగలు తీసుకోండి, రెండు పూటలా కూచోవద్దు. పని ముగియగానే ల్యాప్‌టాపు మూసి బీరువాలో పెట్టి, వీధిలోకి వెళ్ళి నాలుగడుగులు నడవండి. వారానికొక రోజైనా ఇంకో ఉద్యోగితో ఎదురెదురుగా కూచుని టీ తాగండి. నిద్ర పట్టకపోయినా, కారణం లేకుండా కోపం వస్తున్నా, దేనిమీదా మనసు నిలవకపోయినా బిడియపడకండి. టెలీ మానస్ అని ప్రభుత్వమే నడిపే ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు.

కంపెనీల పెద్దలకి ఒక మాట. పచ్చ చుక్కని కాదు, పనిని చూడండి. అందరూ కలిసి ఉండాల్సిన మూడు నాలుగు గంటలు ముందే ఖరారు చేసి, మిగతా వేళ ఉద్యోగికి వదిలేయండి. రాత్రి తట్టిన ఆలోచనని పొద్దున్న పంపినా కొంపలు మునగవు.

చివరిగా ఇంటి పెద్దలకి, అంటే మనకి. మేడ మీద కూచున్న పిల్లాడు ఉద్యోగంలో ఉన్నాడు. అతను హైదరాబాదులో ఉంటే గ్యాస్ బండ ఎవరు తీసుకునేవారో ఇప్పుడూ వాళ్ళే తీసుకోవచ్చు. కోడలు కాల్‌లో ఉంటే పోపు మనం పెడదాం. కొడుకు ఇంట్లోనే ఉంటున్నాడు గనక చీపురూ, పిల్లల హోంవర్కూ, సాయంత్రం వంటలో సగమూ అతనికీ అప్పజెబుదాం. వాళ్ళ పనివేళలు ఎప్పటినుంచి ఎప్పటిదాకానో అడిగి తెలుసుకుని, ఆ వేళల్లో వాళ్ళని పిలవడం మానేద్దాం. ఆ వేళ దాటాక వాళ్ళు ఫోను పట్టుకుని కూచుంటే మాత్రం, పెద్దరికంగా ఒక్క కేక వేసి భోజనానికి పిలుద్దాం. కంపెనీలు మారడానికి కాలం పడుతుంది, చట్టాలు రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. మన ఇంట్లో పద్ధతి మార్చుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది ఇవాళే మొదలుపెట్టండి.